రేట్ల పట్టిక కింద బూడిదరంగు పట్టీ

ప్రశ్న: సార్, చీమకుర్తిలో గ్రానైట్ పలకలు అమ్మే మా మామయ్యకు వెబ్‌సైట్ చేసిచ్చాను. తెల్లటి పేజీ. రేట్ల పట్టిక పొడవుగా ఉందని, కింది వరుసలు మెల్లగా తెలుపులో కలిసిపోయేలా గ్రేడియంట్ పెట్టాను. నా ఆండ్రాయిడ్‌లో చక్కగా ఉంది. ఆయన పాత ఐఫోన్‌లో మాత్రం అక్కడ బూడిదరంగు పట్టీ కనిపిస్తోంది. 'ఫ్యాక్టరీ దుమ్ము ఫోన్‌లోకీ వచ్చిందే' అని ఎగతాళి చేస్తున్నాడు. క్రోమ్ వేసుకోమంటే సరిపోతుందా? ఇంకోటి, మొదట వచ్చే లోగో తెర మాయమయ్యాక కూడా ఫోన్ నంబర్ నొక్కితే పలకడం లేదు.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: క్రోమ్ వేసినా లాభం లేదు. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ కూడా లోపల సఫారీ ఇంజన్ (పేజీని తెర మీద గీసే భాగం) వెబ్‌కిట్ మీదే నడుస్తుంది. ఆ ఇంజన్ ఐఓఎస్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది. కొత్త సఫారీలో ఈ తప్పు దిద్దారు గానీ, అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో అలాగే ఉండిపోతుంది. మామయ్యను ఫోన్ మార్చమనలేం కదా, కోడే మారుద్దాం.

మీరు గ్రేడియంట్‌ను 'ట్రాన్స్‌పరెంట్' నుంచి తెలుపుకు రాసి ఉంటారు. సీఎస్ఎస్ (పేజీ రంగులూ రూపూ చెప్పే భాష) లెక్కలో అది కనిపించని నలుపు: ఆర్‌జీబీఏ(0, 0, 0, 0). ఇందులో మొదటి మూడు అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం (మూడూ 0 అయితే నలుపు, 255 అయితే తెలుపు). నాలుగోది 0 అయితే రంగు అసలు కనిపించదు. పాత సఫారీ రంగునూ పారదర్శకతనూ విడివిడిగా లెక్కేస్తుంది. సగం దూరానికి రంగు 128 దగ్గరికి, పారదర్శకత సగానికి వస్తాయి. అది తెల్ల పేజీ మీద పడితే సుమారు 191, అంటే లేత బూడిద. రెండు చివర్లా ఏమీ తెలియదు, మధ్యలోనే పట్టీ. మీ ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ రంగును పారదర్శకతతో ముందే గుణించి కలుపుతుంది, కాబట్టి కనిపించని నలుపు అందులో కలవదు. సీఎస్ఎస్ ప్రమాణం చెప్పేదీ అదే.

'ట్రాన్స్‌పరెంట్' తీసేసి ఆర్‌జీబీఏ(255, 255, 255, 0) పెట్టండి. ఇక ఏ బ్రౌజర్‌లోనూ నలుపు చొరబడదు. ఐఫోన్‌ను కనిపెట్టి దానికి వేరే కోడ్ రాయమని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే వినకండి. (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలంలో ఆ పని చేసీ చేసీ విసిగిపోయాం.) రేపు మామయ్య పేజీని మీగడ రంగులోకి మార్చమంటే, గ్రేడియంట్‌లో రెండు చోట్లా ఆ రంగు అంకెలే వేయాలి.

ఫోన్ నంబర్ సంగతి సఫారీ తప్పు కాదు. లోగో తెరకు ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలన్నది) 0 ఇచ్చి వదిలేసి ఉంటారు. కంటికి కనపడకపోయినా అది పైనే ఉండి, నొక్కులన్నీ తనే తీసుకుంటోంది. ఏ బ్రౌజరైనా అంతే. ఒపాసిటీతో పాటు విజిబిలిటీని హిడెన్ చేసి (అప్పుడది నొక్కులు తీసుకోదు), ట్రాన్సిషన్‌లో (మెల్లగా మారే సెట్టింగ్‌లో) రెండింటికీ ఒకే సమయం ఇవ్వండి. ఫేడ్ పూర్తయ్యాక తెర తప్పుకుంటుంది. డిస్‌ప్లే నన్ (తెరను పేజీలోంచే తీసేసే సెట్టింగ్) పెడితే ఫేడ్ ఏమీ లేకుండా ఒక్కసారిగా పోతుంది, అది మీకు నచ్చదు.