చేతి మీది పేరు చెరపడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: తొమ్మిదేళ్ల క్రితం ముంజేతి మీద నల్ల సిరాతో, లావు అక్షరాల్లో ఒక పేరు టాటూ వేయించుకున్నాను. ఇప్పుడు దాన్ని చూసుకోలేకపోతున్నాను. లేజర్ క్లినిక్ వాళ్లు 8 సిట్టింగుల ప్యాకేజీని 6 సిట్టింగుల ధరకే ఇస్తామంటున్నారు, కానీ డబ్బంతా ముందే కట్టాలట. టాటూ ఆర్టిస్టేమో దాని మీదే వేరే బొమ్మ వేసి కప్పేయొచ్చంటున్నారు, దాన్ని కవరప్ అంటారట. నా దగ్గర మూడు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి తప్ప వేరే పొదుపు లేదు. ప్యాకేజీని క్రెడిట్ కార్డు మీద తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. అత్యవసర నిధిని కూడా ముట్టుకోకండి. ఈ పనికి అప్పు అవసరమే లేదు. ఒక సిట్టింగుకీ మరో సిట్టింగుకీ మధ్య చర్మం మానడానికి ఎలాగూ 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ వ్యవధిలోనే తర్వాతి సిట్టింగు డబ్బు కూడబెట్టుకోవచ్చు.

డబ్బు లెక్కకు ముందు ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవాలి. కవరప్ అంటే గోడకు సున్నం కొట్టడం లాంటిది కాదు. పాత సిరా, కొత్త సిరా రెండూ చర్మం లోపలి పొరలోనే ఉండి, పైకి కలిసి కనిపిస్తాయి. అందుకే నలుపు మీద లేత రంగులు నిలవవు. కొత్త బొమ్మ పాతదానికంటే ముదురుగా, సాధారణంగా రెండు మూడు రెట్లు పెద్దగా వేయాల్సి వస్తుంది. అదీ నచ్చకపోతే మీ చేతిలో ఉండేది రెట్టింపు సిరా. దాన్ని తీయించాలంటే సిట్టింగులూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. నేరుగా కవరప్‌కి వెళ్లడం చవకగా కనిపించినా, లావు నల్ల అక్షరాల విషయంలో అది తరచూ ఖరీదైన దారి అవుతుంది.

మీకు నేను సూచించేది మధ్యే మార్గం. రెండు మూడు లేజర్ సిట్టింగులతో పేరును పలచబరచి, ఆ తర్వాత కవరప్ చేయించుకోండి. పూర్తిగా చెరపక్కర్లేదు, నలుపు బూడిద రంగుకు దిగితే చాలు. అప్పుడు బొమ్మ చిన్నదిగానూ ఉండొచ్చు, రంగుల ఎంపికా పెరుగుతుంది.

ఒక్క పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. కళ్లు మూసుకుని అక్షరాల మీద వేలు నడపండి. గట్లలా తగిలితే అది చాలాసార్లు సిరా కాదు, మచ్చ. సిరా పోయినా మచ్చ మిగులుతుంది, పక్క నుంచి వెలుతురు పడితే కవరప్ కింద పాత అక్షరాల రూపు తెలుస్తుంది. ఈ సంగతి అడ్వాన్స్ ఇచ్చేముందే ఆర్టిస్టుకు చూపించాలి.

ఇక లెక్క. ఒక సిట్టింగు ఖర్చును 1 వంతు అనుకుందాం. 3 సిట్టింగులకు 3 వంతులు. కవరప్‌కి 4 వంతులు అడిగారనుకోండి. టచప్‌కీ (మానాక చేసే చిన్న సవరణలకు), పూతమందులకీ, సన్‌స్క్రీన్‌కీ ఇంకో 1. మొత్తం 8. నెలకు 1 వంతు చొప్పున వేరే ఖాతాలో వేస్తూ పోండి. రెండు నెలలు నిండాక మొదటి సిట్టింగు, నాలుగో నెలలో రెండోది, ఆరో నెలలో మూడోది. అప్పటికి ఖాతాలో 3 వంతులు మిగులుతాయి. ఎనిమిదో నెలకు 5 అవుతాయి, అందులో 4 కవరప్‌కి ఇస్తే చివరి వంతు టచప్‌కి ఉంటుంది. ఇంకొన్నాళ్లు ఆగమని డాక్టరో ఆర్టిస్టో అంటే ఆగండి, ఆ ఆలస్యానికి వడ్డీ పడదు.

అదే కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ అనుకుంటే, కట్టకుండా వదిలేసిన బాకీ ఏడాదికి దాదాపు 43 శాతం పెరుగుతుంది.

ప్యాకేజీ సంగతి. 3 సిట్టింగులే చాలిన మనిషి 6 సిట్టింగుల డబ్బు కడితే సగం వృథా. పూర్తిగా చెరిపించుకోవాలనుకునేవాళ్లకు లాభం ఉండొచ్చు, కానీ ఎన్ని సిట్టింగులు పడతాయో ముందే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. చర్మం రంగు, టాటూ ఉన్న చోటు, సిరా మోతాదు, టాటూ మీద టాటూ పొరలు, మచ్చలు, రంగులు చూసి అంచనా వేసే కిర్బీ-దేశాయ్ స్కేలు ఒకటుంది. దాని ప్రకారం ఎన్ని పడతాయో చర్మవైద్యుణ్ని అడగండి. రసీదులో గడువు కూడా చూడండి. 8 సిట్టింగుల మధ్య 7 విరామాలు, ఒక్కోటి 8 వారాలైతే 56 వారాలు. ప్యాకేజీ గడువు ఏడాదే అయితే చివరి సిట్టింగు చేతికి రాదు. గడువు కోసం విరామం తగ్గించుకుంటే చర్మం కాలి మచ్చపడే ప్రమాదం ఉంది. వాడుకోని సిట్టింగుల డబ్బు వెనక్కిస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

డబ్బు మిగుల్తుందని చెరిపే క్రీములు కొనకండి. అవి పై పొర దాటి సిరాను చేరవు. ఘాటైన ఆమ్లాలైతే మచ్చలు మిగులుస్తాయి, అప్పుడు కవరప్ కూడా కష్టమవుతుంది. ఎండలో తిరిగి చెయ్యి నల్లబడినా సిట్టింగు వాయిదా పడుతుంది కాబట్టి పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, సాధారణంగా అందం కోసం చేయించుకునే పనులకు అది వర్తించదు.

ఆర్టిస్టుకు అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ రోజే వేసిన టాటూల ఫొటోలు కాదు, మానిపోయి కొన్ని నెలలైన కవరప్‌ల ఫొటోలు అడగండి. అడ్వాన్స్ చివరి బిల్లులో తగ్గిస్తారా, టచప్ ఎన్నాళ్ల వరకు ఉచితం అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి.