అడవిలో కట్టుకునే ఉయ్యాలకు ఏ గుడ్డ?

ప్రశ్న: మారేడుమిల్లి వైపు అప్పుడప్పుడూ క్యాంపింగ్‌కు వెళ్తుంటాం. రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే హ్యామక్ ఇంట్లోనే కుట్టుకుందామని ఉంది. బట్టల షాపులో అడిగితే 'పారాచూట్ క్లాత్ తీసుకోండి, ఎంత బరువైనా ఆపుతుంది' అన్నారు. నమ్మొచ్చా? నా బరువు 78 కిలోలు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పారాచూట్ క్లాత్ అనేది మన బజార్లో ఒక గుడ్డ పేరు కాదండీ. పల్చగా, జారుడుగా, గరగరలాడుతూ ఉండే సింథటిక్ గుడ్డ ఏదైనా సరే, రెయిన్‌కోటుది కావచ్చు, బ్యాగు లోపలి లైనింగ్ కావచ్చు, బైక్ కవరుది కావచ్చు, అన్నిటినీ ఆ పేరుతోనే అమ్మేస్తారు. మీరు అడగాల్సింది రిప్‌స్టాప్ నైలాన్, అదీ కోటింగ్ (నీళ్లు దిగకుండా వేసే పూత) లేనిది. వెలుతురుకు పట్టి చూస్తే గ్రాఫ్ కాగితంలా సన్నటి గళ్లు కనిపిస్తాయి. ఆ గీతల దగ్గర నేతలో బలమైన పోగులు ఉంటాయి కాబట్టి ముల్లు గుచ్చుకుని చిరిగినా ఆ చిరుగు సులువుగా సాగిపోదు.

కోటింగ్ ఉందో లేదో షాపులోనే తేల్చుకోండి. గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. గాలి అవతల పెట్టిన అరచేతికి తగిలితే మంచిది, బుగ్గలు ఉబ్బిపోయి గాలి ఆగిపోతే ఆ గుడ్డ పైన కట్టుకునే టార్పాలిన్‌కు పనికొస్తుంది కానీ పడుకోవడానికి పనికిరాదు. నేను మొదటిసారి కుట్టింది అలాంటి గుడ్డతోనే. రాత్రి మూడింటికి మెలకువ వస్తే చొక్కా వెనకంతా తడి. మంచు కురిసిందేమో అనుకుని పైన కట్టిన టార్ప్ తడిమి చూస్తే అది పొడిగా ఉంది. ఒంటి చెమటే బయటికి పోయే దారి లేక వీపు కింద నీళ్లయింది. మిగతా రాత్రంతా పొయ్యి దగ్గరే కూర్చున్నాను. అందుకే ఊది చూడకుండా ఒక్క మీటరు కూడా కొనొద్దని అందరికీ చెబుతుంటాను.

ఇక బలం సంగతి. షాపువాళ్ల మాట మీద కాకుండా తూకం మీద వెళ్లండి. ముందు ఒక్క మీటరు కొని వంటింటి తూకం మీద పెట్టండి. 60 అంగుళాల పన్నాలో మీటరు గుడ్డ అంటే సుమారు 1.5 చదరపు మీటర్లు, అది 100 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 66 గ్రాములన్నమాట. మొదటిసారి కుడుతున్నారు, బరువు 78 కిలోలంటున్నారు కాబట్టి 60 నుంచి 70 గ్రాముల మధ్య ఉన్న మంచి రిప్‌స్టాప్ తీసుకోండి, బలానికి ఒక్క పొర చాలు (దోమల కోసం రెండు పొరల సంగతి కింద డాలస్ పాఠకుడికి చెప్పాను). తూకం ఒక్కటే బలానికి గ్యారంటీ కాదు, నేత వదులుగా ఉంటే బరువున్న గుడ్డ కూడా మోసం చేస్తుంది. రెండు బొటనవేళ్లతో గట్టిగా అటూ ఇటూ లాగి వదిలినప్పుడు పోగులు పక్కకు జరిగి సందులు కనిపిస్తే ఆ తాను పక్కన పెట్టేయండి.

అది నచ్చాక నాలుగు మీటర్లు ఒకే ముక్కగా తీసుకోండి. ఉయ్యాలకు 3.35 మీటర్లు (11 అడుగులు), చివర్ల మడతలకు ఇంకొంచెం పోగా మిగిలిన ముక్క కుట్లు సరిచూసుకోవడానికీ, చిన్న సంచీకీ వస్తుంది. ఐమూలగా పడుకుంటేనే వీపు చదునుగా ఉంటుంది కాబట్టి పన్నా 58 అంగుళాలకు తగ్గకూడదు. ఉయ్యాల గుడ్డ 350 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది.

ప్రశ్న: అమ్మ పాత నేతచీర ఉంది. చిన్నప్పుడు మమ్మల్ని అందులోనే ఊపింది. దానితో కుట్టుకుంటే బాగుంటుందని ఆశ.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ఆశ నాకు అర్థమవుతుందమ్మా, అయినా వద్దనే చెబుతాను. ఆరేడు కిలోల బిడ్డను మోసిన చీర 60 కిలోల మనిషిని మోయాలని లేదు. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న చీరను ఎండకు పట్టి చూడండి, మడత వెంట పోగులు అరిగి సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. బరువు పడితే అక్కడే పిగిలిపోతుంది. పైగా నూలు మంచును పీల్చుకుని బరువెక్కుతుంది, తొందరగా ఆరదు. వరండాలో కట్టుకోవడానికైతే నూలంత హాయి ఇంకేదీ ఉండదు, దానికి కొత్తగా నేసిన మందపాటి జంపఖానా తీసుకోండి. అమ్మ చీర కొంగుతో ఉయ్యాల పెట్టుకునే సంచీ కుట్టండి, అది మీతో అడవికి వస్తుంది.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ రిప్‌స్టాప్ మీద 1.1, 1.6, 1.9 ఔన్సులు అని రాస్తారు. ఏది తీసుకోవాలి? నైలానా, పాలిస్టరా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అది చదరపు గజానికి ఔన్సుల లెక్క. 34తో గుణిస్తే చదరపు మీటరుకు గ్రాములొస్తాయి, అంటే సుమారు 37, 54, 65. నైలాన్ మెత్తగా సాగుతుంది, తడిస్తే ఇంకా సాగి కిందికి దిగుతుంది. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకు నైలాన్ కన్నా ఎక్కువ కాలం ఆగుతుంది, కానీ వీపుకు కాస్త గట్టిగా తగులుతుంది. ఒంటికి హాయిగా ఉండాలంటే నా ఓటు నైలాన్‌కే. దోమలున్న చోటికి వెళ్లేవాళ్లు 1.1 ఔన్సులది రెండు పొరలుగా కుట్టుకోండి, ఒక్క పల్చటి పొరైతే దోమ కింది నుంచే కుట్టేస్తుంది. మన పాడేరు, మారేడుమిల్లి వైపు మలేరియా భయం ఉంది కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకూ ఇదే మాట, పైన దోమతెర కూడా తప్పనిసరి.

ప్రశ్న: మంచి గుడ్డే కొన్నాను, నాలుగో రోజుకే కుట్టు వెంట చిరిగింది. గుడ్డ తప్పా, కుట్టు తప్పా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కుట్టు వెంట వరసగా చిరిగిందంటే ముందు కుట్టునే అనుమానించాలి. కుట్లు మరీ దగ్గరగా పడితే సూది రంధ్రాలన్నీ కలిసి, చింపుకోవడానికి పెట్టిన స్టాంపుల అంచులా తయారవుతాయి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి, కొత్త సూది వేయండి, 11 గానీ 14 గానీ. దారం పాలిస్టర్‌దే, నూలు దారం అసలొద్దు. పిన్నులు గుచ్చితే రంధ్రాలు మిగిలిపోతాయి, క్లిప్పులు పెట్టుకోండి. లంగాకు బొందు దూర్చడానికి మడిచి కుట్టినట్టు రెండు చివర్లా మడిచి, దాని మీద మూడు వరసలు వేయండి.

ఎలా కట్టారో మీరు రాయలేదు. బిగించి తీగలా కట్టారేమో చూడండి. పట్టీలు 30 డిగ్రీల వాలులో ఉంటే 70 కిలోల మనిషికి ఒక్కో వైపు 70 కిలోల లాగుడే పడుతుంది, అదే 10 డిగ్రీలకు బిగిస్తే 200 కిలోలు. ఏ గుడ్డయినా అక్కడే ఓడిపోతుంది. చెట్టుకు సన్నటి నైలాన్ తాడు కాకుండా అంగుళం వెడల్పు పాలిస్టర్ పట్టీ చుట్టండి, బెరడూ కోసుకుపోదు, పట్టీ కూడా సాగదు. కొత్తది కుట్టాక మొదటిసారి నేలకు జానెడు ఎత్తులో కట్టి, కింద పరుపు వేసి, మెల్లగా కూర్చోండి. లేచాక రెండు చివర్ల కుట్లూ వేలితో తడిమి చూసి, రంధ్రాలు సాగలేదనుకున్నాకే కుర్చీ ఎత్తుకు జరపండి.