ఎక్స్‌రే నార్మల్... అయినా పాదం నొప్పి తగ్గడం లేదు!

ప్రశ్న: నా వయసు 34. బరువు తగ్గాలని రెండు నెలల కిందట పరుగు మొదలుపెట్టాను. మూడు వారాలుగా కుడి పాదం పైభాగంలో, రెండో వేలికి కాస్త వెనక నొప్పి వస్తోంది. దెబ్బ తగల్లేదు, కాలు బెణకలేదు. నొప్పి మొదలైన మర్నాడే ఎక్స్‌రే తీయిస్తే నార్మల్ అన్నారు. పెయిన్‌కిల్లర్ వేసుకుని పరుగెత్తుతున్నాను. ఫరవాలేదా?

జవాబు: ముందు పరుగు ఆపేయండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. అంటే ఎముకలో వెంట్రుకవాసి పగులు. ఎముక విరగడానికి కింద పడాల్సిన పనిలేదు. అలవాటు లేని భారం రోజూ పడుతుంటే ఎముకలో సూక్ష్మంగా దెబ్బతిన్న చోట్లను శరీరం ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది. ఆ మరమ్మతుకు వ్యవధి ఇవ్వకపోతే పగులు వస్తుంది. పాదంలోని 26 ఎముకల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా వచ్చేది రెండో, మూడో వేళ్ల వెనకుండే పొడవాటి ఎముకలకే.

ఎక్స్‌రే నార్మల్ అని ధీమా పడొద్దు. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. అతుక్కునే క్రమంలో చుట్టూ కొత్త ఎముక ఏర్పడ్డాకే బయటపడుతుంది. ఇప్పుడు మళ్లీ తీయించండి. అప్పటికీ తేలకపోతే ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు: చూపుడు వేలితో ఎముక వెంబడి మెల్లగా నొక్కుతూ రండి. ఒక్కచోటే చురుక్కుమంటే, సాయంత్రానికి అక్కడ వాపు కూడా వస్తుంటే అనుమానం బలపడినట్టే. నొప్పి పాదం మధ్యలో పైవైపునో, చిటికెన వేలి వెనక బయటి అంచునో ఉంటే ఇంకా త్వరగా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి. అక్కడి ఎముకలకు కొన్నిచోట్ల రక్తప్రసరణ తక్కువ, తొందరగా అతుక్కోవు. ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

మీరు చెప్పిన చోట పగులైతే మామూలుగా కట్టు అక్కర్లేదు. గట్టి అడుగున్న బూటు వేసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానేస్తే అతుక్కుంటుంది. పెయిన్‌కిల్లర్ వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు. ఆపమని చెప్పేది ఆ నొప్పే కదా!

విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించేశారా? నెలసరి తప్పుతోందా? ఈ రెండూ ఎముకల్ని బలహీనపరుస్తాయి కాబట్టి డాక్టర్‌కు తప్పక చెప్పండి. షుగర్ ఉండి, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. పాదం ఎర్రబడి, వేడిగా, వాచి కనిపిస్తే వాళ్లు దానిపై బరువు వేయకుండా అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నొక్కినా, వేగంగా నడిచినా నొప్పి లేదని తేల్చుకోండి. డాక్టర్ సరేనన్నాక కాసేపు నడక, కాసేపు పరుగుతో ఆరంభించండి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచొద్దు. మధ్యమధ్య విశ్రాంతి రోజులు ఉండాలి. అడుగు అరిగిపోయిన బూట్లు పైకి కొత్తగా కనిపిస్తున్నా మార్చేయండి.