సిపాయి జీతం, కాగితం హామీ

ప్రశ్న: మా పెద్దబ్బాయి పన్నెండేళ్లుగా సైన్యంలో ఉన్నాడు. నెలాఖరుకల్లా జీతం బ్యాంకులో పడుతుంది. అమెరికాకు స్వాతంత్ర్యం తెచ్చిన సైనికులే జీతాల కోసం తిరగబడ్డారని డిగ్రీ చదివే మా మనుమరాలు అంటోంది. నిజమేనా? అక్కడ లెక్కలు చూసేవారే లేరా?
– ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మనుమరాలు చెప్పింది అక్షరాలా నిజం. లెక్కలు రాసేవారికి కొదవ లేదు. 1775లోనే సేనల జీతాలు చూసే పెద్ద అధికారిని (పేమాస్టర్ జనరల్‌ను) నియమించారు, మరుసటి ఏడాది యుద్ధ మండలిని ఏర్పాటు చేశారు. లేనిదల్లా డబ్బే. కాంగ్రెసుకు, అంటే రాష్ట్రాల ప్రతినిధులు కూర్చునే కేంద్ర సభకు, పన్ను వేసే అధికారం లేనందున రాష్ట్రాలను అడగడం, అవి ఇచ్చినంత పుచ్చుకోవడం, అప్పులు తేవడం, చాలనిదానికి నోట్లు అచ్చువేయడం తప్ప దారి లేకపోయింది. నెలకు 6 డాలర్ల పైచిలుకు జీతానికి చేరిన సిపాయికి, ఆ నోటు విలువ పడిపోయాక, అందిన జీతం కూడా అందనట్టే అయింది.

1783 మార్చి 15న న్యూబర్గ్ శిబిరంలో, బకాయిల కోసం ఆగ్రహంతో ఉన్న అధికారుల ఎదుట సర్వసేనాని వాషింగ్టన్ ఒక ఉత్తరం చదవబోయారు. అక్షరాలు ఆనక కళ్లద్దాలు తీసి, ఈ కొలువులోనే తల నెరిసిందని, ఇప్పుడు చూపూ మందగిస్తోందని అన్నారు. పలువురు కంటతడి పెట్టారు. అధికారులు శాంతించారు గాని బకాయి తీరలేదు. జూన్‌లో ఫిలడెల్ఫియాలో సైనికులు సభాభవనాన్ని చుట్టుముట్టగా కాంగ్రెసు ప్రిన్స్‌టన్‌కు తరలిపోయింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తరవాత జరిగినది. బకాయిలకు బదులుగా 6 శాతం వడ్డీ ఇస్తామన్న ధ్రువపత్రాలు చేతిలో పెట్టి సైనికులను ఇళ్లకు పంపారు. కొడుకు పంపిన మనియార్డరుతో విత్తనాలు కొన్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి కాబట్టి, దుక్కి వేళకు డబ్బు లేక కాగితం ఒక్కటే మిగిలిన మనిషి అవస్థ మీకు విడమరచి చెప్పనక్కరలేదు. చాలామంది వాటిని వచ్చినకాడికి అమ్ముకున్నారు. 1790లో ఖజానా మంత్రి హామిల్టన్ ఆ పత్రాలకు పూర్తి విలువ కట్టించారు. అయితే అది అప్పుడు అవి ఎవరి చేతిలో ఉంటే వారికే దక్కింది. మొదట సంపాదించుకున్న సైనికుడికీ వాటా ఇవ్వాలని ప్రతినిధుల సభ సభ్యుడు మాడిసన్ వాదించగా సభ తిరస్కరించింది. అమ్మకాన్ని కాదంటే రేపు ప్రభుత్వ పత్రాన్ని ఎవరూ నమ్మరన్న వాదంలో బలం ఉన్నా, న్యాయం మాడిసన్ పక్షానే ఉందని నా దృఢాభిప్రాయం.

కొత్త రాజ్యాంగం కేంద్రానికి పన్ను అధికారం ఇచ్చాక, 1789 ఆగస్టులో యుద్ధశాఖ ఏర్పడింది. అప్పటికీ జీతం గొప్పదేమీ కాదు: 1790 చట్టం ప్రకారం సిపాయికి నెలకు 3 డాలర్లు, అందులో బట్టలకు 90 సెంట్లు, ఆస్పత్రి సామగ్రికి 10 సెంట్లు పట్టుకునేవారు. మీరడిగిన లెక్కల ఏర్పాటు 1792లో గట్టిపడింది. ఆ ఏడాది చట్టంతో యుద్ధశాఖలో ఒక అకౌంటెంటును, సేనల విడిదికి దగ్గరగానే ఉండి జీతాలు పంచే పేమాస్టర్‌ను నియమించారు.