ఊళ్లో కల్లు బంద్ పెట్టాక బావగారికి ఫిట్స్ వచ్చాయి.. తీర్మానం వెనక్కి తీసుకోవాలా?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. నేను మహిళా సంఘంలో ఉన్నాను. బెల్టు షాపులు, కల్లు దుకాణం బంద్ పెట్టాలని సంఘం ఆడవాళ్లం, గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలు కలిసి తీర్మానం చేశాం. తాగితే జరిమానా అని కూడా చాటింపు వేయించారు. బంద్ అయిన మూడో రోజు మా బావగారికి చేతులు వణికాయి. ఆయనకు 45 ఏళ్లు. గోడ మీద ఏవో పాకుతున్నాయని రాత్రంతా అరిచారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పక్క ఊరి నుంచి కల్లు తెచ్చి తాగిస్తే నెమ్మదించారు. బీడీలు చుట్టే మా అత్తమ్మకూ నిద్ర పట్టడం లేదు, చేతులు వణుకుతున్నాయి. 'కల్లుకు అలవాటైన ఒంటికి కల్లే మందు, దుకాణం తెరవండి' అంటున్నారు ఊళ్లో. మేం చేసింది తప్పా?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు మీ ఇంటి సంగతి చూద్దాం అమ్మా. మీ బావగారిని ఈ రోజే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కల్లు తాగాక నెమ్మదించారు కాబట్టి గండం గడిచిందనుకోవద్దు. ఒకసారి ఇలా ఫిట్స్ వచ్చిన మనిషికి, మళ్లీ కల్లు ఆగితే మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. అత్తమ్మను కూడా అదే ఆటోలో ఎక్కించండి. ఆమెది చిన్న సమస్యేమీ కాదు, బావగారికి మొదట కనిపించిన లక్షణమే అది.

దారిలో గానీ, ఇంట్లో గానీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, పళ్ల మధ్య చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇలా ఎందుకైందో చెప్తాను, మీ సంఘం మీటింగులో కూడా ఇది చెప్పండి. చెట్టు నుంచి పొద్దున దించిన కల్లు సాయంత్రానికే పులిసిపోతుంది. దాన్ని నిల్వ పెట్టి అమ్మలేరు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి చాలాచోట్ల నీళ్లలో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి, తీపికి సాక్రిన్ వేసి, కల్లు పేరుతో అమ్ముతున్నారు. ఇందులో అల్ప్రాజోలం, డైజిపామ్ మేం టెన్షన్‌కు, నిద్రకు కొద్ది రోజుల పాటు మాత్రమే చీటీ మీద రాసే మందులు. మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చేవి. ఇవి మెదడును జోకొడతాయి. ఏళ్ల తరబడి రోజూ జోకొట్టించుకున్న మెదడుకు ఒక్కసారిగా ఆ జోల ఆగిపోతే ఉలిక్కిపడి లేస్తుంది. వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్, అన్నీ అందుకే. అల్ప్రాజోలం ఎక్కువున్న కల్లయితే ఇవి ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి. డైజిపామ్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి వారం దాటాక కూడా రావచ్చు. అంటే బంద్ పెట్టి నాలుగు రోజులైంది, ఇక భయం లేదు అనుకోవడానికి వీల్లేదు.

'కల్లే మందు' అన్న మీ ఊరివాళ్లు చూసింది అబద్ధం కాదు. కల్లు పోస్తే వణుకు తగ్గడం వాళ్లు కళ్లారా చూశారు. కానీ తగ్గించింది అందులో కలిపిన మాత్ర. ఏ సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు. ఒక రోజు ఎక్కువ పడితే ఊపిరే ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో అలాంటి మందునే, ఒంట్లో ఎక్కువసేపు నిలిచేదాన్ని, కొలిచి ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. నీరసంగా ఉన్నారని ఊళ్లోనే గ్లూకోజ్ సీసా ఎక్కించడం మనకు అలవాటు. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషికి బి1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని మీరే వేయొద్దు. కల్లు బదులు బ్రాందీ పోసి సర్దిచెప్పడం ఒక మత్తు మీద ఇంకో మత్తు ఎక్కించడమే.

ఇక తీర్మానం సంగతి. వెనక్కి తీసుకోవద్దు. దాని వరుస మార్చండి.

మనకు ఇది కొత్త పాఠం కాదు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగినప్పుడు, మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ ఒక్కసారే మూతపడ్డప్పుడు, మీ బావగారిలాంటి వాళ్లు ఎంతోమంది ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తాకిడి పెరిగింది. దుకాణం మూయడానికి ముందే తాగేవాళ్ల గురించి ఆలోచించి ఉంటే వాళ్లలో చాలామందికి ఆ నరకం తప్పేది. ఈ మాట నేను బాధతోనే అంటున్నాను.

కాబట్టి మీరిప్పుడు చేయాల్సింది ఇది. ఆశా కార్యకర్తను, సంఘంలో నలుగురు నమ్మే ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. రోజూ తాగుతారా, ఎన్ని సీసాలు, పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయా, ఇంతకుముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడగండి. వణుకు, ఫిట్స్ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు దవాఖానకు వెళ్లాలి. పీహెచ్‌సీ డాక్టర్‌ను కలిసి ఊళ్లోనే ఒక రోజు శిబిరం పెట్టమనండి. ఈ వివరాలు ఆశా దగ్గరే ఉండాలి. పంచాయతీ ముందు చదవకూడదు.

జరిమానా మాత్రం ఎత్తేయండి. వెలివేత మాటైతే అసలు రానివ్వొద్దు, అది చట్టవిరుద్ధం కూడా. జరిమానా పెడితే తాగుడు ఆగదు, దాక్కుంటుంది. వణుకు వచ్చినా చెప్పుకోలేరు, ఫిట్స్ వచ్చాకే బయటపడతారు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. మన ఊళ్లలో రోజంతా బీడీలు చుట్టి, పొలంలో వంగి, ఒళ్లు నొప్పులకని సాయంత్రం ఒక సీసా తాగే ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. నా ఓపీకి తలనొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. మూడోసారి వచ్చాక, పక్కన ఎవరూ లేనప్పుడు కల్లు సంగతి చెప్తారు. జాతీయ స్థాయిలో ఎయిమ్స్ చేసిన, 2019లో విడుదలైన సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని తేలింది. సిగ్గు, భయం ఉన్నంతకాలం మిగతా 37 మంది మన దగ్గరకు రారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదకు కదిలితే ఉమ్మడి రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. మీ తీర్మానంలోనూ ఆ తెగువే ఉంది. దానికి తాగేవాళ్ల చికిత్సను కూడా జోడించమంటున్నాను. చెన్నైలోని టీటీకే ఆసుపత్రివాళ్లు తమిళనాడులోని మంజక్కుడిలో ఏళ్లుగా తాగుడు మాన్పించే శిబిరాలు పెడుతున్నారు. తాగే మనిషిని ఊరికి దూరంగా తీసుకుపోకుండా, రెండు వారాల పాటు అక్కడే చికిత్స చేస్తారు. ఇంటివాళ్లతోనూ కూర్చుని మాట్లాడతారు. మానిన మనిషి తిరిగి బతకాల్సింది ఆ ఊళ్లోనే కదా.

గోవాలో సంగత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, అతిగా తాగే మగవాళ్లతో నాలుగు విడతల వరకు మాట్లాడించింది. మూడు నెలల తర్వాత చూస్తే వాళ్లలో 36 శాతం మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో అది 26 శాతం. మీ బావగారిలా ఫిట్స్ దాకా వెళ్లినవాళ్లకు మాటలొక్కటే సరిపోవు. కానీ అంతదాకా వెళ్లనివాళ్లు మీ ఊళ్లో ఎక్కువమందే ఉంటారు, వాళ్ల దగ్గర మీ సంఘం చాలా చేయగలదు.

గీత కార్మికులను శత్రువుల్లా చూడొద్దని కూడా కోరుతున్నాను. చెట్టెక్కి ప్రాణాలకు తెగించి కల్లు దించే మనిషి వేరు, డ్రమ్ముల్లో మాత్రలు కలిపేవాడు వేరు. కల్తీ చేసేవాళ్ల గురించి ఎక్సైజ్ వాళ్లకు ఫిర్యాదు చేయండి. గీసేవాళ్లను మీ మీటింగుకు పిలవండి, కల్తీ ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లకే బాగా తెలుసు.

వణుకు తగ్గాక ఇంకో కష్టం మొదలవుతుంది. నిద్ర సరిగా పట్టదు, దేని మీదా మనసు నిలవదు, ఏడుపొస్తుంది. కొందరిలో తాగుడు కింద దాక్కున్న డిప్రెషన్ అప్పుడే బయటపడుతుంది. 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగు మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు మానడానికి సాయం కావాలంటే 14446 ఉంది. రెండూ ఉచితమే.

సాయంత్రం ఆరింటికి మగవాళ్లు కల్లు దుకాణం దగ్గర కూర్చునేది తాగడానికే కాదు, నలుగురితో మాట్లాడటానికి కూడా. ఆ గంట ఖాళీగా ఉంటే కాళ్లు పక్క ఊరి వైపే నడుస్తాయి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద చాయ్ పెట్టండి, కుర్రాళ్ల వాలీబాల్ కోర్టుకు లైటు వేయించండి. మానేసి ఏడాదైన మనిషి ఊళ్లో ఒక్కరున్నా, కొత్తగా మానుతున్న వాళ్లకు తోడుగా పెట్టండి. ఎవరైనా మళ్లీ తాగితే తిట్టకుండా మళ్లీ దవాఖానకు తీసుకెళ్లండి. ఈ జబ్బులో అది మామూలే.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇద్దరూ చివరిసారి ఎప్పుడు తాగారో, రోజుకు ఎన్ని సీసాలు తాగేవారో, ఇంకేం మాత్రలు వాడుతున్నారో కాగితం మీద రాసుకెళ్లండి. అత్తమ్మ వంతు వచ్చినప్పుడు బావగారిని, మిగతా మగవాళ్లను కాసేపు బయట ఉండమనండి. ఆమె చెప్పాల్సింది డాక్టర్‌కు ఆమెనే చెప్పనివ్వండి.