ఫెర్రిటిన్ 900, హిమోగ్లోబిన్ మాత్రం 8 దాటట్లేదు: సమాధానం

డయాలసిస్‌లో ఉన్న మీ నాన్నగారి గురించి అడిగారు కదా: రక్తం తయారవడానికిచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు పడుతున్నా, ఐరన్ నిల్వని చెప్పే ఫెర్రిటిన్ 900 ఉన్నా హిమోగ్లోబిన్ పెరగట్లేదంటే, ఎక్కువగా కారణం ఒంట్లో దాగిన ఇన్‌ఫ్లమేషనేనండి (ఇన్‌ఫెక్షన్ లాంటివాటికి ఒళ్ళు చూపించే ప్రతిస్పందన). దానివల్ల ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్ పెరిగితే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువ తయారు చేస్తుంది, అది నిల్వ ఉన్న ఐరన్‌ని బయటికి రానివ్వదు, గాదె నిండా ధాన్యం ఉన్నా తలుపు తెరుచుకోనట్టు. పైగా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెర్రిటిన్ తనంతట తనే పెరుగుతుంది, ఆ అంకె ఒక్కటే చూసి నమ్మకండి.

1. ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో వాడుకోడానికి అందుబాటులో ఉన్న ఐరన్ శాతం), సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే పరీక్ష), అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) ఒకేరోజు, డయాలసిస్‌కి ముందు తీయించండి.

2. సీఆర్‌పీ యూనిట్ చూడండి. మా అమ్మకి అమలాపురం ల్యాబ్‌లో 2.4, కాకినాడ ల్యాబ్‌లో 24 వచ్చిందని మేం రెండు రాత్రులు టెన్షన్ పడ్డాం. ఒకటి డెసిలీటర్‌కి (లీటర్‌లో పదో వంతు) మిల్లీగ్రాములు, ఇంకోటి లీటర్‌కి, అంతే.

3. సీఆర్‌పీ ఎక్కువుంటే మూలం వెతకాలి. అందరూ వదిలేసేది ఇదే, ఇంజెక్షన్ డోసు పెంచుకుంటూ పోతారు. మెడ దగ్గర డయాలసిస్ క్యాథెటర్ (గొట్టం) ఉంటే అది పెట్టిన చోటు ఎర్రగా ఉందా, చీము కారుతోందా? డయాలసిస్ కోసం పెట్టి, ఇప్పుడు వాడని పాత గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళం) ఏదైనా చేతిలో మిగిలిందా? షుగర్ ఉండి వట్టికాళ్ళతో చేల్లోకి దిగే మనిషైతే వేళ్ళ సందులు, మడమల పగుళ్ళు మీరే వెలుతుర్లో చూడండి, ఆయన చెప్పరు. మా అమ్మకి చివరికి తేలింది చిగుళ్ళ చీము, డెంటిస్టు దగ్గరికెళ్ళాక మూడు నెలల్లో తేడా కనిపించింది.

4. డయాలసిస్‌లో చలీ జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. మందుల షాపులో నొప్పి బిళ్ళలు, యాంటీబయాటిక్‌లు సొంతంగా కొనకండి, ఇంజెక్షన్లు ఆపకండి.