ఫలూదా వచ్చిండా, వచ్చిందా?

సందేహం: నేను నల్లగొండల డిగ్రీ చదువుతున్న. జుల్ఫికర్ అలీ భుట్టో అనే క్వీర్ (ఆడ, మొగ అనే మామూలు గీతలల్ల ఇమడని) ఆర్టిస్టు మీద తెలుగుల వ్యాసం రాస్తున్న. ఆయన స్టేజీ మీద ఆడవేషంల ఫలూదా ఇస్లాం అనే పేరుతోని కనిపిస్తడు. అప్పుడు ‘వచ్చిండు’ అని రాయాల్నా, ‘వచ్చింది’ అని రాయాల్నా? ఒకరు నపుంసకలింగం వాడమన్నరు.

సమాధానం: బిడ్డా, ముందుగాల ఆ నపుంసకలింగం మాట పక్కకు పెట్టు. అది సంస్కృత వ్యాకరణం లెక్క, శబ్దానికే గాని మనిషికి కాదు. సంస్కృతంల భార్యను చెప్పే ‘కళత్రం’ నపుంసకలింగం, అదే అర్థమున్న ‘దార’ పుంలింగం, మరి అట్లని ఎవరి భార్యనన్న ఆ మాట అంటమా?

తెలుగు లెక్క వేరే, చిన్నయసూరి 1858ల బాలవ్యాకరణంల చెప్పిన మహత్తు (మొగోళ్లను చెప్పే మాటలు), అమహత్తు (తక్కినయి) లెక్క. ఒక్కరైతే మొగాయనకు వచ్చిండు, ఆడామెకు వచ్చింది, ఆవుకూ బస్సుకూ గూడ వచ్చిందే. అదే నలుగురైతే ఆడ మొగ తేడా లేకుంట వచ్చిన్రు, ఆవులూ బస్సులూ మాత్రం వచ్చినయ్. అంటే మనుషులందరినీ ఒక్కతీరుగ చూసే రూపం మన భాషల ముందునుంచే ఉన్నది, పైగా అది మర్యాద రూపం గూడ. ఎవరన్న నన్ను ఆయన అనొద్దు ఆమె అనొద్దు అంటే ‘వారు వచ్చిన్రు’ అని రాయి, చదివేటోళ్లకు ఎక్కడా ఎబ్బెట్టుగ ఉండది. ‘తను’ అంటే సరిపోతది అనుకుంటరు గాని దాని ఎనక వచ్చే క్రియ అసలు సంగతి బయటపెడ్తది.

ఇగ భుట్టో సంగతి. 1990ల డమాస్కస్‌ల పుట్టిండు, పాకిస్తాన్ మాజీ ప్రధానికి మనుమడు, తాత పేరే. కండలు తిరిగిన పహిల్వాన్ల బొమ్మలను బట్ట మీదికి ఎక్కించి పూలతోని, దారంతోని కుట్టి మొగతనం అంటే ఏందని అడిగిన మనిషి. ఆయన గురించి రాసేకాడ ‘ఆయన’ అను. ఫలూదా పాత్ర గాబట్టి ‘ఫలూదా వచ్చింది’ అనే రాయి, భాగోతంల మొగాయన సత్యభామ వేషం కట్టినా సత్యభామ వచ్చిందనే అంటం గదా.

నువ్వు అడగకున్నా ఒకటి చెప్తున్న, ‘ముస్లిం అయినా క్వీర్’ అని మాత్రం రాయకు. ఆ ‘అయినా’ల తీర్పు దాగున్నది, రెండూ ఒక్కకాడ ఉండవన్నట్టు. మన దక్కన్లనే, 17వ శతాబ్దంల, బిజాపూర్ హాష్మీ ఆడగొంతుతోని కవిత్వం చెప్పిండు, తర్వాత ఆ తీరుకు రేఖ్తీ అని పేరొచ్చింది. ఉర్దూల ‘మై ఆతీ హూఁ’ అంటే మాట్లాడేది ఆడామె అని క్రియనే చెప్తది, మనం ‘నేనొస్తున్న’ అంటే ఎవరన్నదీ తెల్వది. అందుకని రేఖ్తీ షేర్ (రెండు పాదాల పద్యం) ఏదన్న తెలుగు చేసి వ్యాసంల పెడితే అక్కా, వదినె అనే పిలుపులు తీసెయ్యకు, తెలుగుల ఆ గొంతు ఆడగొంతని పట్టిచ్చేటియి అవే.